చంటికి పెద్దమ్మ ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చంటీ,

ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అంటూ ఇంకో పని చూసుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. కాకటీల్ పిట్టల జత కొన్నావట, దసరాకి గూడు పెట్టె కడతావట, పిల్లల్ని అమ్మి బండి ఈఎంఐ కడతావట. మీ అమ్మ నిన్న చెప్పింది. ముందు నవ్వొచ్చింది. చిన్నప్పుడు మా వరండాలో పంజరానికి ముక్కు ఆనించి గంటలకొద్దీ నిలబడేవాడివి. మీ పెదనాన్న పోయాక ఆ సరదా ఈ కుటుంబంలో ఎవరికీ లేదనుకున్నాను. తర్వాత ఆడపిట్ట వయసు ఏడు నెలలే అని విన్నాను. ఇక రాత్రంతా నిద్ర లేదు.

రామచిలుకల జోలికి పోలేదు, సంతోషం. మా చిన్నప్పుడు ఇంటింటా ఉండేవి కానీ 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద వాటిని పట్టినా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. నీది ఆస్ట్రేలియా పిట్ట, దానికి ఆ గొడవ లేదు. షాపువాళ్ళు మాత్రం కాక్‌టెయిల్ అంటారు, మందు పేరులాగా.

ముందు మచ్చిక సంగతి. పంజరం నీ కంటి ఎత్తులో, ఒక పక్క గోడ ఉండేలా పెట్టు. వారం దాకా తిండికీ నీళ్ళకీ తప్ప చెయ్యి లోపల పెట్టకు. పక్కనే కూర్చొని నీ పని చేసుకో, పేపరు చదివితే పైకి చదువు. ఆ తర్వాత కొర్ర కంకి పట్టుకొని కూర్చో. తల మీద తురాయి నిటారుగా లేస్తే బెదిరిందని, తలకి అతుక్కుపోయి బుస కొడితే కోపమొచ్చిందని. రెండింట్లో ఏదైనా ఆ రోజుకి చాలించు. వేలు ఎక్కాక తల, మెడ నిమరచ్చు. వీపు మాత్రం నిమరకు, ఆడపిట్ట అది జతకి పిలుపనుకొని వేళ కాని వేళ గుడ్లకి దిగుతుంది.

ఇప్పుడు నేను పెంచిన కాకటీల్, పసిడి గురించి చెప్పాలి. నువ్వు దాన్ని ఎరగవు. 2007లో నీకు మూడేళ్ళు. పసుపు ఒళ్ళు, ఎర్ర కళ్ళు, బుగ్గల మీద నారింజ బొట్లు. ఇరవై రోజులు నా వైపు చూడను కూడా లేదు. ఇరవై ఒకటో రోజున కంకి చివర ఒక్క గింజ కొరికింది. ఆ తర్వాత నేను బడి నుంచి వచ్చేసరికి గేటు చప్పుడు విని ఈల వేసేది. పొద్దుతిరుగుడు గింజలు తప్ప ఇంకేదీ ముట్టేది కాదు, కొత్తిమీర పెడితే విసిరికొట్టేది. బడిలో నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని, ఆ పిట్టని కాదనలేకపోయాను. దానికి ఎనిమిదో నెలలో, నీలాగే తొందరపడి, మగపిట్ట సోముణ్ణి తెచ్చి పెట్టె కట్టించాను.

ధనుర్మాసంలో ఓ పొద్దున ముగ్గేసి వచ్చేసరికి అది పంజరం అడుగున కూర్చుని ఉంది. చెయ్యి పెడితే వచ్చి అరచేతిలో కూర్చుంది. ఈకలన్నీ ఉబ్బించి, కళ్ళు అరమోడ్చి. రోజూ రెండు నిమిషాలు ఒకచోట నిలిచేది కాదు, ఆ రోజు కదల్లేదు. నా అంత అదృష్టవంతురాలు లేదనుకొని ఎదురింటావిణ్ణి, పక్క వాటావాళ్ళని పిలిచి చూపించాను. “నా చేతిలో నిద్రపోతోంది చూడండి” అన్నాను. తోక పైకీ కిందకీ ఊగుతుంటే ఊపిరి అనుకున్నాను. పొట్ట కింద గట్టిగా తగిలితే బాగా తిన్నదనుకున్నాను. ఫోటో కూడా తీయించుకున్నాను. బడికి టైమైందని పంజరంలో వదిలి వెళ్ళిపోయాను.

సాయంత్రం మీ పెదనాన్న చూడగానే గుడ్డు అడ్డం పడిందన్నారు. పిట్టల్ని చూసే డాక్టరు కోసం అరండల్‌పేట నుంచి కొత్తపేట దాకా ఆటోలో తిరిగాం. ఆ వేళకి ఎవరూ దొరకలేదు. పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. తెల్లవారుజామున చూస్తే చల్లబడిపోయింది. మర్నాడు పశువుల డాక్టరుగారు కోసి చూసి, గుడ్డు పెంకు తోలులా మెత్తగా ఉందన్నారు. ఒంట్లో కాల్షియం లేదు, ఎండ తగల్లేదు, ఈడు రాలేదు, పైగా చలి. సోముడు వారం పాటు ఆ పెట్టెలోకి తొంగిచూసి పిలుస్తూనే ఉన్నాడు.

ఆ ఫోటో బీరువాలో ఉంది. అందులో నేను నవ్వుతున్నాను.

అందుకని ఈ దసరాకి పెట్టె వద్దు. వచ్చే దసరాకి దానికి ఏడాదిన్నర దాటుతుంది, అప్పుడు చూద్దాం. నీ ఆడపిట్ట మామూలుకన్నా ఎక్కువసేపు చేతిలో కూర్చుంటే మురిసిపోయే ముందు తోక చూడు, రెట్ట చూడు. పంజరం అడుగున ముడుచుకుంటే ఆ పూట ఆఫీసు మానెయ్. వెచ్చగా ఉంచి డాక్టరు దగ్గరికి పరుగెత్తు. పొట్ట నొక్కడాలు, నూనె రాయడాలు వద్దు, గుడ్డు లోపల పగిలితే ఇంకా ముప్పు. గన్నవరం పశువైద్య కళాశాల మీకు దగ్గరే కదా, పిట్టల్ని చూసేదెవరో, ఏ టైములో ఉంటారో ఇప్పుడే కనుక్కో. నంబరు పంజరం మీద అంటించు.

ఈలోగా తిండి మార్చు. కొర్రలు, మొలకలు, పాలకూర, మునగాకు, ఉడకబెట్టిన గుడ్డు. పొద్దుతిరుగుడు రోజుకి నాలుగు గింజలు, అదీ నీ చేత్తోనే. పొద్దుటి ఎండ అరగంట. రెండూ ఒకే ఇంటి పిల్లలేమో అమ్మినవాణ్ణి అడుగు, షాపుల్లో చాలాసార్లు అన్నాచెల్లెళ్ళనే జతగా ఇస్తారు. ఇంకో మాట, నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పిట్టల్ని నిమిషాల్లో చంపుతుంది. మిరపకాయ తింటే వాటికి కారమే తెలీదు, పోపు ఘాటు మాత్రం ఊపిరికి పడదు. మీ అమ్మకి చెప్పు, నేను చెబితే ఒప్పుకోదు.

వచ్చే ఏడు పెట్టె కట్టాక మిగతాది అవే చూసుకుంటాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, మూడంగుళాల కంత, లోపల చెక్క చిత్రిక పొట్టు. రోజు విడిచి రోజు ఒక్కో గుడ్డు, నాలుగు నుంచి ఆరు దాకా పెడుతుంది. పగలు తండ్రి పొదుగుతాడు, రాత్రి తల్లి. మూడు వారాల్లోపు పిల్లలొస్తాయి. నువ్వు రోజుకొక్కసారి, తల్లీ తండ్రీ బయటికొచ్చినప్పుడు మాత్రమే తొంగిచూడు. ఫోటోల కోసం పెట్టె తెరిచావంటే నేను బస్సెక్కి వచ్చి తంతాను. మార్చి దాటితే పెట్టె తీసెయ్, మీ బెజవాడ ఎండకి చెక్క పెట్టెలో పిల్లలు ఉడికిపోతాయి. ఏడాదికి రెండు ఈతలకి మించి వద్దు. ఈఎంఐ జీతంలోంచి కట్టుకో.

పెదనాన్న చేసిన పెట్టె అటక మీదే ఉంది. తర్వాత పసిడి చెల్లెళ్ళలాంటివి మూడు దాంట్లోనే పిల్లల్ని లేపాయి. వచ్చే ఏడు నువ్వే వచ్చి దింపుకెళ్ళు, నాకు నిచ్చెన ఎక్కే ఓపిక లేదు.

పచారీ కొట్టులో సముద్రపు నురుగు, అదే కటిల్ చేప ఎముక, కాల్షియం కోసం కొన్నాను, పంజరానికి కట్టు, ముక్కుతో గీరుకుంటాయి. ఆదివారం మీ అమ్మ వస్తే దాంతోపాటు మన పెరటి మునగాకు కూడా ఇస్తాను. అది పిట్టలకి, మీరు పప్పులో వేసుకోకండి.

మీ పెద్దమ్మ