తెలుపులో తెలుపును వెతికే పని

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఈ బయోమెడికల్ రెండో సంవత్సరం చదువుతోంది. క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టిచ్చే స్కానింగ్ విధానాల మీద పనిచేస్తానంటోంది. చివరికి ఆసుపత్రిలో యంత్రాల మరమ్మతే మిగులుతుందని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: బీఈతో ఆగిపోతే చాలామందికి దొరికేవి పరికరాల నిర్వహణ, అమ్మకాల ఉద్యోగాలే. అవీ గౌరవమైనవే. కానీ మీ అమ్మాయి కోరుకుంటున్నది వేరు. ఆ దారి ఉందండీ, కాకపోతే కాస్త దూరం.

రొమ్ముకు తీసే ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్‌లో కణితి తెల్లగా కనిపిస్తుంది. రొమ్ములో గ్రంథి కణజాలం దట్టంగా ఉంటే అదీ తెల్లగానే కనిపిస్తుంది. ఊపిరితిత్తుల సీటీలోనూ చిక్కు తక్కువేమీ కాదు. ఎల్‌ఐడీసీ అనే సేకరణలోని 1,018 సీటీ స్కాన్‌లను నలుగురేసి రేడియాలజిస్టులు (స్కాన్‌లు చదివే వైద్యులు) చూశారు. మూడు మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న గడ్డలుగా ఒక్కరైనా గుర్తించినవి 2,669. నలుగురూ గుర్తించినవి 928 మాత్రమే! ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే మీ అమ్మాయికి పని ఉంది. ముందే పట్టుకుంటే ప్రాణాలు నిలుస్తాయి. అమెరికాలో ఎక్కువగా పొగతాగే, తాగి మానేసిన 53 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. ఛాతీ ఎక్స్‌రే తీసినవారి కంటే తక్కువ మోతాదు సీటీ తీసినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి.

ఏఐ కోర్సు ఒక్కటి చేస్తే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి. బొమ్మ ఎలా తయారవుతుందో తెలియనివారు స్కానర్ పుట్టించిన నీడనే కణితి అనుకుంటారు. సిగ్నల్స్, లీనియర్ ఆల్జీబ్రా, ఎక్స్‌రే, ఎంఆర్‌ఐల భౌతికశాస్త్రం గట్టిగా చదవమనండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, ఉచితంగా దొరికే ఆ ఎల్‌ఐడీసీ స్కాన్‌లలో ఒక్క గడ్డనైనా పొరపొరగా తిప్పి చూడమనండి. సెలవుల్లో అనుమతి తీసుకుని ఒక రేడియాలజిస్టు పక్కన కొన్నాళ్లు కూర్చోగలిగితే మరీ మంచిది.

ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో బయోమెడికల్‌కు 2020 నుంచి విడిగా పేపరు ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఈ విభాగం ఉంది. పరిశోధనే కావాలనుకుంటే పీహెచ్‌డీకి సిద్ధపడాలి. స్కానర్ల తయారీ వైపైతే ఎంటెక్ తర్వాత బెంగళూరులోని జీఈ, ఫిలిప్స్, సీమెన్స్ కేంద్రాలు, వైద్య పరికరాలు తయారయ్యే విశాఖ మెడ్‌టెక్ జోన్‌లోని సంస్థలను చూడవచ్చు.

బీఈ తర్వాత రెండేళ్లు ఇల్లు ఎలా గడుస్తుందో ఇద్దరూ కూర్చుని ఇప్పుడే లెక్క వేసుకోండి. గేట్‌తో ఎంటెక్‌లో చేరినవారికి నెలకు రూ.12,400 స్టైపెండ్ వస్తుంది, దాన్నీ అందులో కలపండి.