క్రైస్తవ స్నేహితురాలు తన అనుభవం చెబుతుంటే, నమ్మకం లేని నేను ఏం మాట్లాడాలి?

"దేవుడు నా ప్రార్థన విన్నాడు" అని స్నేహితురాలు అంటుంటే తలూపి నటించలేకపోతున్నానని, వాదిస్తే స్నేహం చెడుతుందేమోనని మీరు రాశారు. నేనూ నమ్మనివాణ్ణే. ఈ విషయంలో ఒకసారి బాగా నోరు జారాను కాబట్టి చెబుతున్నాను.

నా స్నేహితురాలి తల్లికి గుండె ఆపరేషన్ జరిగింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో ప్రార్థన చేసుకుంటుంటే, ఎవరో పక్కన కూర్చున్నంత ధైర్యం వచ్చిందని ఆమె చెబుతోంది. నేను మధ్యలోనే అందుకున్నాను. 2006లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఉంది. బైపాస్ చేయించుకున్న 1,802 మందిలో కొందరి కోసం ముక్కూమొహం తెలియని వాళ్లతో ప్రార్థన చేయించారు. దానివల్ల మేలేమీ కనబడలేదు. పైగా తమ కోసం ప్రార్థిస్తున్నారని ముందే తెలిసిన వాళ్లలో 59 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఏదో ఒక సమస్య వచ్చింది. అసలు ప్రార్థనే జరగని వాళ్లలో అది 51 శాతం. అంకెలతో సహా అప్పజెప్పాను.

ఆమె ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టింది. కొన్ని వారాల తర్వాత అడిగింది: "అమ్మకు నయమైంది ప్రార్థన వల్లే అని నేనన్నానా? నా భయం పోయిందని కదా చెప్పాను!"

నిజమే. ఆమె అనని మాటకు నేను జవాబిచ్చాను. ఆ అధ్యయనానికీ, ఆమె భయానికీ సంబంధమే లేదు.

అందుకే ఇప్పుడు ముందు "ఏం జరిగింది, ఎలా అనిపించింది?" అని అడిగి, పూర్తిగా వింటాను. "అది దేవుడే అని ఎందుకనుకున్నావు?" అనేది ఆ తర్వాతి ప్రశ్న. అసలు తేడా వచ్చేది అక్కడే. 1948లో బీబీసీ రేడియోలో దేవుణ్ణి నమ్మని తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్, కాప్ల్‌స్టన్ అనే క్రైస్తవ గురువు వాదించుకున్నదీ కొంత దీనిమీదే. ఇలాంటి అనుభవం కచ్చితమైన రుజువు కాదు గానీ, దానికి దేవుడే సరైన వివరణ అన్నాడు కాప్ల్‌స్టన్. గదిలో గడియారముంటే అందరికీ కనిపిస్తుంది, ఈ అనుభవాలు మాత్రం ఎవరివి వాళ్లకేనన్నాడు రస్సెల్. నేను రస్సెల్ పక్షం, ఆమె కాప్ల్‌స్టన్ పక్షం. ఇద్దరం ఆ మాట దాచుకోం.

తప్పు నా ఒక్కడిదే కాదులెండి. "నీకూ కష్టమొస్తే తెలుస్తుంది, నువ్వే మోకరిస్తావు" అని ఆమె ఒకసారి అంది. అప్పటికి మా నాన్న పోయి ఏడాది. ఆ రోజుల్లో నేను ప్రార్థన చెయ్యలేదు, చెయ్యాలనీ అనిపించలేదు. ఆ సంగతి చెప్పాను. అదీ నా అనుభవమే కదా? ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు మొదటి పేతురు పత్రిక 3:15 పంపింది. నిరీక్షణ (అంటే ఆశ) గురించి హేతువు అడిగిన వాళ్లకు సాత్వికంగా సమాధానం చెప్పాలని అందులో ఉంది. హేతువాదిని కదా, బైబిల్లో ఆ మాట చూసి నవ్వొచ్చింది. అది ఆమె క్షమాపణ అని కాసేపటికి గానీ వెలగలేదు.

"నీ కోసం ప్రార్థిస్తాను" అంటే ఏమనాలో కూడా అడిగారు. నేను థాంక్స్ అంటాను, మనస్ఫూర్తిగానే. నా పని అయ్యాక "చూశావా?" అని ఆమె అనదు. అది మేమిద్దరం మాట్లాడుకుని పెట్టుకున్న షరతు. మొన్న నా రిపోర్టు నార్మల్ వచ్చినప్పుడు మాత్రం పాపం చాలా కష్టపడి ఆపుకుంది.