నొప్పి తగ్గిందా, గుర్తు లేకుండా పోయిందా?

ప్రశ్న: మొదటి కాన్పులో నాకు మాస్కుతో గ్యాస్ పీల్పించారు. చాలాసార్లు గట్టిగా అరిచానని పక్కనే ఉన్న అమ్మ చెబుతుంది. నాకు మాత్రం ఆ గంటలు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. ఆ గ్యాస్ నొప్పిని తగ్గిస్తుందా, మరిపిస్తుందా? ఇప్పుడు నాకు మళ్లీ ఏడో నెల.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ఇది మత్తు వైద్యులమైన మేము రోజూ వేసుకోవలసిన ప్రశ్న. ‘రోగికి ఏమీ గుర్తులేదు, అంటే బాధపడలేదన్నమాటే’ అని కొందరు తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను.

మీకు ఇచ్చింది బహుశా ఎంటొనాక్స్. అందులో సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. నొప్పి తెలియలేదని తేరుకున్నాక ఆయన చెప్పిన మాటే అప్పటికి సాక్ష్యం. నొప్పి కలుగుతున్న క్షణంలోనే మెదడును చూడడం చాలా కాలం తరువాత గానీ కుదరలేదు.

1990లలో పిట్స్‌బర్గ్ పరిశోధకులు ఆ పని చేశారు. ఆరోగ్యవంతుల ముంజేతికి నొప్పి పుట్టేంత వేడి తగిలిస్తూ, మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే పెట్ స్కాన్ తీశారు. మెదడులో నొప్పికి స్పందించే థాలమస్, ముందరి సింగ్యులేట్ భాగాలు చురుకుగా కనిపించాయి. 20 శాతం నైట్రస్ ఆక్సైడ్ పీల్పించగానే ఆ చురుకుదనం కనిపించకుండా పోయింది. ఈ వాయువు మధ్యమెదడులో సహజ ఓపియాయిడ్లను, అంటే ఒంట్లోనే తయారయ్యే నొప్పి నివారకాలను, విడుదల చేయిస్తుంది. అక్కడి నుంచి వెన్నుపాములోకి దిగే సంకేతాలు నొప్పిని కింది స్థాయిలోనే అణచివేస్తాయి. కాబట్టి ఇది వట్టి మరపు మందు కాదు.

జ్ఞాపకం సంగతి వేరు. కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో 2008లో వెలువడిన అధ్యయనంలో వాడింది మరో మత్తు వాయువు, సెవోఫ్లురేన్, అదీ 0.25 శాతం మోతాదులో. దాన్ని పీలుస్తున్నవారికి మామూలు బొమ్మలతో పాటు మనసును కలచివేసే బొమ్మలు చూపించారు. సాధారణంగా అలాంటివే మనకు ఎక్కువగా గుర్తుంటాయి. వారం తరువాత అడిగితే వీరికి ఆ తేడాయే లేదు. భయాన్ని, ఉద్వేగాన్ని పసిగట్టే అమిగ్డలా నుంచి జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోక్యాంపస్‌కు అందవలసిన ప్రభావం బలహీనపడినట్టు స్కాన్లలో తేలింది. చూస్తున్నప్పుడు వాళ్లు మెలకువగానే ఉన్నారు!

ఈ రెండూ పురిటి గదిలో చేసిన ప్రయోగాలు కావు. అయినా మీ విషయంలో నా అభిప్రాయం ఇది: గ్యాస్ మీ నొప్పిని కొంత తగ్గించింది, పూర్తిగా కాదు, మిగిలిన నొప్పిలో కొంత జ్ఞాపకంగా నిలవలేదు. మీ అమ్మగారు విన్న అరుపులు నిజమైనవే. వాటిని కొట్టిపారేయకండి.

ఈసారి గ్యాస్ తీసుకోవాలనుకుంటే, ఒక్కో నొప్పి మొదలవుతుండగానే పీల్చండి. పని చేయడానికి అర నిమిషానికి పైగా పడుతుంది, నొప్పి ముదిరాక పీలిస్తే లాభం తక్కువ. మాస్కు మీ చేతిలోనే ఉండాలి, ఇంకెవరూ అదిమి పట్టకూడదు: మగత కమ్మితే చెయ్యి జారి గ్యాస్ దానంతటదే ఆగుతుంది. విటమిన్ బి12 లోపం ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. నొప్పి పదికి ఎంత ఉందో అప్పటికప్పుడే నర్సుకు చెబుతూ ఉండండి. తగ్గకపోతే ఎపిడ్యురల్ (నడుము దగ్గర వెన్నులో ఇచ్చే నొప్పి మందు) అడగండి, ఎంత మాత్రం మొహమాటపడకండి.