మెల్టింగ్ కర్వ్‌లో రెండు మెట్లు వస్తే ముందు కాన్సంట్రేషన్ మార్చి చూడండి

మీరు అడిగినవి రెండు కదా. 16 బేస్‌ల ఓలిగో (చిన్న డీఎన్ఏ ముక్క), జతపడే స్టెమ్‌లో ఆరు జతలు, మధ్యలో జతపడని లూప్‌లో నాలుగు టీలు (టి బేస్‌లు), అంత చిన్న హెయిర్‌పిన్‌కి మెల్టింగ్ కర్వ్‌లో (వేడి చేస్తుంటే జతలు విడిపోవడాన్ని చూపే గీతలో) రెండు మెట్లు ఎందుకొస్తున్నాయి అని, లూప్ పెద్దది చేస్తే ఇంకా గట్టిపడుతుందా అని. రెండోదానికి జవాబు చిన్నది, ఐదు బేస్‌లు దాటాక గట్టిపడదు. మొదటిదానితో నేను మూడు వారాలు అవస్థ పడ్డా, అందుకే అది వివరంగా రాస్తున్నా.

నాదీ మీ సీక్వెన్సే, జిసిజిఎజిసి, మధ్యలో నాలుగు టీలు, తర్వాత జిసిటిసిజిసి. స్టెమ్‌లో ఒక్క ఎ-టి జత తప్ప అన్నీ జి-సి లే. వేడి చేస్తూ 260 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ (డీఎన్ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో) స్కాన్ పెడితే పైన పెద్ద మెట్టు బాగానే ఉంది కానీ దానికి ముందు ఒక చిన్న మెట్టు కనిపించేది. ఓలిగో శుభ్రంగా లేదేమో అని హెచ్‌పీఎల్‌సీతో శుద్ధి మళ్ళీ చేయించా, బఫర్ కొత్తగా కలిపా, కువెట్ (శాంపిల్ పోసే చిన్న పాత్ర) మార్చా, ఆ చిన్న మెట్టు మాత్రం అక్కడే ఉంది. చివరికి ల్యాబ్‌లో సీనియర్ ఒకాయన వచ్చి కర్వ్ చూసి "పలచన చేసి చూశావా" అని ఒక్క మాట అడిగారు, అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు.

50 మైక్రోమోలార్‌ది కాంతి ఒక మిల్లీమీటర్ మాత్రమే దాటే కువెట్‌లో, 5 మైక్రోమోలార్‌ది మామూలు ఒక సెంటీమీటర్ కువెట్‌లో పోశా. ఇలా చేస్తే రెండిట్లోనూ అబ్జార్బెన్స్ ఒకేలా 0.7 దగ్గర్లో ఉంటుంది కాబట్టి కర్వ్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టి పోల్చొచ్చు. పై మెట్టు రెండిట్లోనూ కదలకుండా అక్కడే ఉంది, కింది మెట్టు మాత్రం పలచన చేసినదాంట్లో లేనే లేదు.

ఎందుకంటే హెయిర్‌పిన్ అనేది ఒకే స్ట్రాండ్ తనలో తను మడుచుకోవడం, పక్కన ఇంకో స్ట్రాండ్ ఉన్నా లేకపోయినా దానికి అనవసరం, అందుకే దాని టీఎమ్ (సగం కరిగే ఉష్ణోగ్రత) కాన్సంట్రేషన్‌ని బట్టి మారదు. కానీ ఇదే సీక్వెన్స్ స్ట్రాండ్‌లు రెండు ఎదురెదురుగా పడుకుని కూడా జతపడగలవు, అటు ఆరు ఇటు ఆరు జతలు, మధ్యలో టీలు మాత్రం సరైన జత లేక ఉబ్బుగా ఉండిపోతాయి. అదే డైమర్. ఉప్పు ఎక్కువున్నా, మెగ్నీషియం ఉన్నా, చిక్కటి ద్రావణాన్ని మెల్లగా చల్లార్చినా డైమర్ వైపే మొగ్గుతుంది. వేడి చేస్తే ముందు డైమర్ విడిపోయి హెయిర్‌పిన్‌లు అవుతాయి, ఆ తర్వాతే హెయిర్‌పిన్‌లు కరుగుతాయి. మొదటి మార్పులో జతల సంఖ్య దాదాపు మారదు కదా, అందుకే ఆ మెట్టు అంత చిన్నగా ఉండి ఏదో చెత్త అనిపిస్తుంది.

విరుగుడు ఏంటంటే, పలచన చేశాక 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచి వెంటనే ఐస్‌లో పెట్టేయండి. తనలో తను మడుచుకోవడానికి మైక్రోసెకన్లు చాలు, ఇంకో స్ట్రాండ్‌ని వెతుక్కునే టైమ్ దానికి దొరకదు.

ఇక లూప్ సంగతి. శాంటాలూసియా అనే శాస్త్రవేత్త 1998లో ఇచ్చిన నియరెస్ట్ నైబర్ విలువలు (పక్కపక్క రెండు జతలు కలిసి ఇచ్చే శక్తి, ఎంత మైనస్ అయితే అంత గట్టి) తీసుకుని స్టెమ్‌లో వచ్చే ఐదు విలువలు కూడండి, 37 డిగ్రీల దగ్గర మోల్‌కి -9.23 కిలోక్యాలరీలు వస్తుంది. దీంట్లోంచి లూప్ మూసినందుకు కట్టాల్సిన ఖర్చు పోతుంది, శాంటాలూసియా, హిక్స్ 2004 రివ్యూలో అది నాలుగు బేస్‌లకి 3.5, ఐదుకి 3.3, ఎనిమిదికి 4.3. అంటే చిన్న చిన్న సవరణలు పక్కన పెడితే మీ నాలుగు టీలతో -5.7, ఎనిమిది టీలు పెడితే -4.9. తేడా 0.8 యే కదా అనిపిస్తుంది గానీ ఈక్విలిబ్రియమ్ లెక్కలో అది మూడున్నర రెట్లు పైనే. అలాగని మరీ తగ్గించడమూ కుదరదు, మూడు కంటే తక్కువ బేస్‌లతో వెన్నెముక అంత గట్టిగా వంగదు.

నిజంగా గట్టిదే కావాలంటే పొడవు కాదు, లూప్‌లో ఏ బేస్‌లు ఉన్నాయో చూడండి. జిసిజిఎఎజిసి అని ఏడే ఏడు బేస్‌ల ముక్క ఉంది, స్టెమ్‌లో రెండే జి-సి జతలు, అయినా టీఎమ్ 76 డిగ్రీల దగ్గర ఉంటుంది. నాకు ఇప్పటికీ అబ్బురంగా అనిపించే ముక్క ఇది. లూప్‌లోని జి, చివరి ఎ పక్కకి జారినట్టుగా జతపడతాయి, మధ్య ఎ దాని మీద పేర్చినట్టు కూర్చుంటుంది, పేరుకి లూపే గానీ లోపల ఖాళీ లేదు. మీ స్టెమ్ జిసి తో ముగిసి జిసి తో మొదలవుతోంది కాబట్టి నాలుగు టీలు తీసేసి అక్కడ జిఎఎ పెడితే సరిగ్గా ఈ ముక్కే మీ ఓలిగో మధ్యలో వచ్చి కూర్చుంటుంది. కాకపోతే అప్పుడు టీఎమ్ మీ మెషీన్ పై హద్దు దగ్గరకి పోయి పై బేస్‌లైన్ (పూర్తిగా కరిగాక వచ్చే గీత) దొరకకపోవచ్చు, ఉప్పు తగ్గించి కొలవండి. డీఎన్ఏని పొడవు బట్టి వేరు చేసే యూరియా జెల్‌లో కూడా ఇలాంటివి పూర్తిగా విప్పుకోక ఉండాల్సిన దానికంటే ముందుకి పరిగెడతాయి, బ్యాండ్ కిందకి వచ్చిందని ఓలిగో విరిగిపోయిందని అనుకోకండి.

ఇంకొకటి, స్కాన్ వేడి చేసేటప్పుడు ఒక్కటే కాకుండా చల్లార్చేటప్పుడు కూడా తీయండి. హెయిర్‌పిన్ ఒక్కటే ఉంటే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడతాయి, మధ్యలో ఎక్కడైనా ఎడం కనిపిస్తే ఇంకా డైమర్ మిగిలి ఉందేమో అని ఇంకో పది రెట్లు పలచన చేసి చూడండి.