రోజూ బకెట్టు నీళ్లు పోస్తున్నా నిమ్మ పిందె నిలవడం లేదు, కరివేపాకు పాలిపోతోంది

ప్రశ్న: మాది నల్గొండ. ఊళ్లో ఉన్న బత్తాయి తోట కౌలుకిచ్చి, ఆరేళ్ల కింద టౌనులో ఇల్లు కట్టుకున్నాం. ప్రహరీ గోడ వెంట కరివేపాకు చెట్టు, దాని పక్కనే ముద్దమందార, సన్‌షేడు కింద ప్లాస్టిక్ డ్రమ్ములో నిమ్మ, గేటు దగ్గర వరుసగా కోనోకార్పస్ మొక్కలు, ముందు చిన్న లాన్ ఉన్నాయి. కరివేపాకు చిగుళ్లు తెల్లగా పాలిపోతున్నాయి. ఎవరో చెబితే మొదట్లో ఇనుప మేకులు పాతిపెట్టాం, గుణం కనపడలేదు. నిమ్మ బాగానే పూస్తుంది గానీ పిందె గోళీకాయంత కాగానే రాలిపోతోంది, ఆకుల అంచులు మాడుతున్నాయి. మందార కొసలు ముడుచుకుపోయి తెల్లటి పిండి పట్టింది. తోటకు వాడగా మిగిలిన మోనోక్రోటోఫాస్ పురుగుమందు మందారకూ, కరివేపాకుకూ రెండుసార్లు కొట్టాను. వారం తగ్గి, మళ్లీ రెండింతలైంది. నీళ్లకు మాత్రం లోటు చేయడం లేదు. తాగునీటి ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా కాకుండా రోజూ ఒక బకెట్టు డ్రమ్ములో పోస్తున్నాం. మా బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల లెక్క) 1,100 అని ఫిల్టర్ బిగించినతను చెప్పాడు. ఏ మందు వాడమంటారు?
– ఒక రైతు, నల్గొండ

జవాబు: నమస్కారమండి. మీరు అడిగింది మందు పేరు. అంతకంటే ముందు ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. కరివేపాకు చెట్టు నుంచి ఆకు కోయడం ఆపేయండి. మోనోక్రోటోఫాస్ మొక్క లోపలికి ఇంకే మందు, మనిషికి చాలా ప్రమాదకరమైన మందు. కూరగాయల మీద దీన్ని వాడకూడదని 2005 నుంచే నిషేధం ఉంది. కరివేపాకును మనం రోజూ నోట్లో పెట్టుకుంటాం, పచ్చిగానే పచ్చడిలోనూ వేస్తాం. పైపైన కడిగితే ఈ మందు పోదు. చేతికి తొడుగులు వేసుకుని ఇప్పుడున్న ఆకంతా దూసి, కొమ్మలను రెండు మూడు అడుగులు కత్తిరించేయండి. ఆ ఆకును మేకలకు వేయొద్దు. నెల దాటాక, కొత్తగా వచ్చిన రెమ్మలు మాత్రమే వంటకు తీసుకోండి. మిగిలిన మందు సీసాను పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టి, ఏం చేయాలో మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. మోరీలో మాత్రం పోయకండి. తోటలో అలవాటైన చేత్తోనే ఇంట్లోనూ కొట్టేశారని నాకు తెలుసు. ఇలా రాసేవాళ్లు చాలామందే ఉన్నారు, చదివినప్పుడల్లా భయం వేస్తుంది.

ఇక మొక్కల సంగతి. మీ ఉత్తరంలో అసలు జవాబు మీ మాటల్లోనే ఉంది: బోరు నీటి టీడీఎస్ 1,100, ఫిల్టర్ నుంచి వచ్చే నీళ్లు, రోజూ ఒక బకెట్టు. ఆ లెక్క ఒకసారి వేద్దాం. ఇళ్లలో వాడే ఆర్వో ఫిల్టర్ మూడు లీటర్ల నీళ్లు తీసుకుంటే దాదాపు ఒక లీటరు తాగేందుకు ఇచ్చి, రెండు లీటర్లు బయటికి వదులుతుందనుకోండి. తాగే నీటిలో ఉప్పు చాలా తక్కువ. మూడు లీటర్లలో ఉన్న ఉప్పు దాదాపు అంతా ఆ రెండు లీటర్లలోకి చేరుతుంది. అంటే 1,100 ఉన్న నీరు 1,650 దగ్గరికి పోతుంది. లీటరుకు 1,650 మిల్లీగ్రాములంటే, పది లీటర్ల బకెట్టులో పదహారున్నర గ్రాముల ఉప్పు. నెలకు అర కిలో. ఆ అర కిలో సన్‌షేడు కింద, వాన చుక్క పడని డ్రమ్ములో చేరుతోంది. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. డ్రమ్ము అంచున, రంధ్రాల దగ్గర తెల్లటి పెచ్చు కట్టి ఉందేమో చూడండి. ఉండే ఉంటుంది.

పండ్ల మొక్కల్లో ఉప్పుకు త్వరగా దెబ్బతినేవాటిలో నిమ్మజాతి ఒకటి. బత్తాయి పండించిన మీకు ఇది కొత్త కాదు. ఉప్పు ఎక్కువైన మట్టిలో తడి ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు. చెట్టు నీళ్లలో నిలబడి కూడా దాహంతో ఉంటుంది. ముందు ఆకు అంచు మాడుతుంది, ఆ తర్వాత పిందె రాలుతుంది. నూరు పూలు పూస్తే నాలుగైదు కాయలు నిలవడం నిమ్మలో మామూలే, కాబట్టి రాలిన ప్రతి పిందెకూ దిగులు పడక్కర్లేదు. అంచులు మాడటంతో కలిసి రాలుతోంది కాబట్టి మీ చెట్టుకు ఇది సహజమైన రాలుడు కాదు.

చేయాల్సిందిది. మొదట డ్రమ్ము కింది రంధ్రాలను సన్నటి ఇనుప చువ్వతో పొడిచి చూడండి. ఐదారేళ్ల డ్రమ్ముల్లో వేళ్లు అల్లుకుని అవి మూసుకుపోతాయి. కింద రెండు ఇటుకలు పెట్టి, డ్రమ్మును కొంచెం ఎత్తి, ఎండా వానా తగిలే చోటికి జరపండి. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు గానీ వాన నీళ్లు గానీ తీసుకుని, డ్రమ్ములో ఎంత మట్టి ఉందో దానికి రెండింతలు పోయాలి. వంద లీటర్ల మట్టికి రెండు వందల లీటర్లు. ఒక్కసారిగా కాదు, సగం రోజు పాటు కొద్దికొద్దిగా, కింద నుంచి ధారగా కారుతూ ఉండేలా. ఉప్పు కరిగి దిగిపోతుంది. దాంతోపాటు బలం కూడా కొంత కొట్టుకుపోతుంది కాబట్టి, రెండు వారాలు ఆగి రెండు మూడు కిలోల వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి పైమట్టిలో కలపండి. వేరు తేరుకోకముందే యూరియా వేస్తే అది కూడా ఉప్పులాగే పనిచేస్తుంది, మాడిన ఆకు ఇంకా మాడుతుంది. తొలకరి వానలు పడుతున్నప్పుడు ఈ పని పెట్టుకుంటే సగం పని వానే చేసిపెడుతుంది.

ఆ తర్వాత రోజూ పోయాలన్న నియమం వదిలేయండి. వేలు రెండు కణుపుల లోతు దాకా మట్టిలోకి దించండి. పొడిగా తగిలితేనే నీళ్లు. మే నెలలో డ్రమ్ములకు రోజూ అవసరం పడొచ్చు, వానాకాలంలో వారానికోసారి కూడా పడకపోవచ్చు. చెట్టును బాగా ఎండబెట్టి ఒక్కసారిగా నింపినా పిందె రాలుతుంది, పెరిగిన కాయైతే పగులుతుంది. ఫిల్టర్ నీళ్లు వృథా చేయకూడదన్న మీ ఆలోచన మంచిదే. వాటిని ఇల్లు తుడవడానికి, బాత్రూముకు, వాకిలి కడగడానికి వాడుకోండి. మొక్కకే పోయాలనుకుంటే నేలలో ఉన్న కొబ్బరికి పోయొచ్చు, అది ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. కుండీలకు, డ్రమ్ములకు వద్దు.

కరివేపాకు కూడా నిమ్మ కుటుంబపు చెట్టే. కానీ దాని జబ్బు వేరు. ముదురు ఆకు పచ్చగా ఉండి, కొత్త చిగురు పాలిపోతూ, ఈనెలు మాత్రం ఆకుపచ్చ గీతల్లా కనిపిస్తుంటే అది ఇనుపధాతు లోపం. ముదురాకు ముందు పసుపైతే నత్రజని చాలలేదని అర్థం, దాని వైద్యం వేరు. మీరు చిగుళ్లు తెల్లబడుతున్నాయన్నారు కాబట్టి ఇనుమే. మరి మేకులు పాతితే ఎందుకు తగ్గలేదు? మన ఎర్రమట్టికి ఆ రంగు వచ్చిందే ఇనుము వల్ల, మట్టిలో దానికి కొదవ లేదు. సున్నం ఎక్కువైన చోట అది వేరుకు అందని రూపంలో బిగుసుకుపోతుంది. పాతిన మేకు కూడా అక్కడే తుప్పుపట్టి బిగుసుకుంటుంది. సున్నం ఎక్కడిది అంటారా? చెట్టు ప్రహరీ వెంట ఉందన్నారు. గోడకు రెండడుగుల దూరంలో గడ్డపారతో అడుగు లోతు తవ్వి చూడండి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, సున్నం అక్కడే పూడ్చి ఉంటారు. టౌను ఇళ్లలో గోడవారన వేసిన కరివేపాకుకు ఈ కష్టం తరచూ కనిపిస్తుంది. పైగా మీ బోరు నీళ్లలో ఉండే బైకార్బొనేట్లు కూడా అదే పని చేస్తాయి. ఎప్పుడూ తడిగా ఉంచితే ఇంకా ఎక్కువ.

వైద్యం సులువే. కత్తిరించాక వచ్చే కొత్త చిగురు మీద, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట తడిసేలా పిచికారీ చేయండి. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగిన పొడి అమ్మితే తీసుకోవద్దు, అది పనికిరాదు. ద్రావణం కూడా అప్పటికప్పుడు కలుపుకుని వాడేయాలి. వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొడితే కొత్తాకు రంగు తిరుగుతుంది. గోడకూ టైల్సుకూ మరక పడుతుంది, అడ్డంగా పాత గుడ్డ కట్టండి. పిచికారీతో వచ్చేది తాత్కాలిక ఉపశమనమే. నిలవాలంటే చెట్టు చుట్టూ పెళ్లలు ఏరేసి, రెండు తట్టల మాగిన పశువుల ఎరువు వేసి ఎర్రమట్టితో నింపాలి. చిలేటు రూపంలో ఇనుము కొనేటట్లయితే పాకెట్టు మీద ఈడీడీహెచ్‌ఏ అని ఉందో లేదో చూడండి. మామూలుగా దొరికే ఈడీటీఏ రకం సున్నపు మట్టిలో వేస్తే నిలవదు. పుల్ల మజ్జిగ పోయడం మన పెద్దల అలవాటు. పలచగా చేసి పోస్తే నష్టం లేదు గానీ, గోడవార ఉన్న సిమెంటును అది గెలవలేదు.

కొత్త చిగురు వచ్చాక దాని మీద పిట్ట రెట్టలాంటి చిన్న పురుగులు కనిపించొచ్చు. అవి నిమ్మ సీతాకోకచిలుక పిల్ల పురుగులు, పెద్దయ్యాక పచ్చగా మారతాయి. చేత్తో ఏరేస్తే చాలు.

మందార మీద మీరు చూసిన తెల్లటి పిండి పిండినల్లి అనే పురుగు. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మీ మందు ఇక్కడే ఎదురు తిరిగింది. కాండం మీద పైకీ కిందికీ తిరిగే చీమలను గమనించారా? పిండినల్లి రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. ఆ తీపి కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, తినడానికొచ్చే మిత్ర పురుగులను తరిమేస్తాయి. ఆకుల మీద నల్లటి మసి పట్టేదీ ఆ జిగురు మీదే. మీరు కొట్టిన మందుకు పైన తిరిగే అక్షింతల పురుగులు ముందు చచ్చాయి. ముడుచుకున్న కొసల్లో మైనపు పొర కింద దాక్కున్న పిండినల్లి గుడ్లు బతికాయి. తినేవాళ్లు లేరు, కాపలా ఉంది. రెండింతలు కాక ఏమవుతుంది?

ముడుచుకున్న కొసలన్నీ జానెడు కిందికి కత్తిరించి, ప్లాస్టిక్ కవరులో మూటగట్టి రెండు రోజులు ఎండలో పడేయండి. తర్వాత పైపుతో నీళ్లు గట్టిగా ఆకుల అడుగున కొట్టండి. కాండానికి వెడల్పు టేపు చుట్టి, దానిమీద గ్రీజు రాయండి, బెరడుకు నేరుగా పూయొద్దు. గోడకు తగిలే కొమ్మ ఒక్కటి మిగిలినా చీమలకు అదే వంతెన, తీసేయండి. ఆ పైన లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కలవడానికి చిటికెడు సబ్బుపొడి వేసి, ఒక కొమ్మ మీద చూసుకుని, వారానికోసారి మూడు వారాలు సాయంత్రం కొట్టండి. ఒక్క జాగ్రత్త. పిండినల్లి లాగే తెల్లటి దారాలతో ఉండి, దానికంటే పెద్దగా, చకచకా కదిలే పురుగు కనిపిస్తే చంపకండి. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల, పిండినల్లిని తిని బతుకుతుంది. దాన్ని చూసిన వారం వేపనూనె కూడా ఆపేయండి. బొప్పాయి పిండినల్లి 2008లో మన దేశంలో కనిపించి తోటలకు తోటలే పోగొట్టినప్పుడు, దాన్ని అణిచింది మందులు కాదు, 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన గింజంత కూడా లేని పరాన్నజీవి కందిరీగలు.

లాన్‌కు రోజూ తడి వద్దు. రెండు మూడు రోజులకోసారి లోతుగా దిగేలా పెట్టి, గడ్డిని మరీ నేలకు కోయకుండా రెండంగుళాలు ఉంచండి. తుంగ మొలిస్తే పైకి పీకితే లాభం లేదు, తడి మీద గడ్డతో సహా తవ్వాలి.

కోనోకార్పస్ గురించి మీరు అడగలేదు. అయినా చెప్పకుండా ఉండలేను. దాని వేళ్లు తడి ఉన్న వైపు పోతాయి, సంపులోకీ డ్రైనేజీ పైపుల్లోకీ దూరతాయి. గుజరాత్‌లో 2023లో దీన్ని నాటడం నిషేధించారు. మీ మొక్కలు ఇంకా చిన్నవే అయితే ఈ వానాకాలమే వేళ్లతో తీసేసి, ఆ వరుసలో గోరింట పెట్టండి. కత్తిరించిన కొద్దీ గుబురవుతుంది, మీ బోరు నీళ్లను ఓర్చుకుంటుంది, ఆషాఢంలో ఇంటి ఆడపిల్లలకు కొనే పని ఉండదు.

డ్రమ్ము మట్టి ఒక గుప్పెడు, బోరు నీళ్లు ఒక లీటరు సీసాలో పట్టి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో పరీక్ష గురించి అడగండి. ఉదజని సూచిక (పీహెచ్), లవణాల అంకె రెండూ రాయించుకోండి. మూడోసారి అన్నభేది కొట్టాక కూడా చిగురు పచ్చబడకపోతే, ఆ అంకెలతో పాటు గోడవార తవ్విన గుంటలో ఏం బయటపడిందో కూడా రాసి పంపండి.