జిమ్‌లో పెంచిన కండలు సైక్లింగ్‌కు అడ్డమా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, నడుము చుట్టుకొలత 97 సెంటీమీటర్లు. ఆరేళ్లుగా జిమ్‌కు వెళ్తూ ఛాతీ, భుజాలు, చేతుల కండలు బాగా పెంచాను. ఏడాదిగా రోడ్ సైకిల్ తొక్కుతున్నాను. 200 కిలోమీటర్ల బ్రెవే (నిర్ణీత గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) పూర్తి చేయాలని కోరిక. చదును రోడ్డు మీద ఇబ్బంది లేదు గానీ, అనంతగిరి గుట్టల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు సన్నగా ఉన్న మిత్రులందరూ నన్ను దాటిపోతున్నారు. జిమ్ మానేసి పైభాగం కండలు తగ్గించుకోమంటున్నారు. మూడు గంటలు దాటితే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

డాక్టర్ సలహా: మీ మిత్రులు గమనించింది సరైనదే గానీ, దానికి వారు చెప్పిన మందు మీకు తగినది కాదు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు సైక్లిస్టు శ్రమలో అధిక భాగం తన బరువును, సైకిల్ బరువును పైకి మోయడానికే ఖర్చవుతుంది. ఆ బరువు ఛాతీ కండదైనా, పొట్ట కొవ్వుదైనా మోత ఒకటే. సైకిల్, నీళ్ల సీసాలు, పనిముట్ల సంచితో కలిపి మీ మొత్తం బరువు 96 కిలోలు అనుకుందాం. సగటున 5 శాతం వాలుతో 5 కిలోమీటర్లు సాగే దారిని మీరు 25 నిమిషాల్లో ఎక్కుతున్నారనుకుంటే, కాళ్ల శక్తి ఏమాత్రం తగ్గకుండా 4 కిలోలు తగ్గినప్పుడు కలిసొచ్చేది దాదాపు ఒక్క నిమిషం. పోటీల్లో గెలవాలనుకునేవారికి ఆ నిమిషమే సర్వస్వం కావచ్చు. మీరు తలపెట్టిన 200 కిలోమీటర్ల బ్రెవేకు గడువు 13 గంటల 30 నిమిషాలు. అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్ల సగటు ఉంటే చాలు.

చదును రోడ్డు మీద లెక్క వేరు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో శ్రమలో ముప్పాతిక భాగానికి పైగా గాలిని చీల్చుకుపోవడానికే పోతుంది కాబట్టి అక్కడ బరువు కంటే కూర్చునే తీరు ముఖ్యం. వెడల్పాటి భుజాలు గాలికి కొంత అడ్డుపడే మాట నిజమే గానీ, మోచేతులు వంచి, తల కాస్త దించి, హ్యాండిల్ కింది వంపును పట్టుకుంటే అంతకు మించిన లాభమే దక్కుతుంది. 2022 అక్టోబరులో ఒక గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఇటలీ క్రీడాకారుడు ఫిలిప్పో గన్నా బరువు 80 కిలోలకు పైమాటే. బ్రిటన్‌కు చెందిన బ్రాడ్లీ విగిన్స్ బాగా చిక్కి 2012లో పర్వత దారులెక్కే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచారు; అదే మనిషి పది కిలోలకు పైగా పెరిగి 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాక్ జట్టుతో స్వర్ణం సాధించారు. ఏ పోటీకి వెళ్తున్నామన్న దాన్ని బట్టే ఎంత కండ అవసరమో తేలుతుంది.

పైభాగం కండ దూరప్రయాణంలో కాళ్లకు నేరుగా సాయపడదన్నది కూడా తెలుసుకోవాలి. ఛాతీ, చేతుల కండల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (శరీరం దాచుకునే పిండిపదార్థం) ఆ కండల అవసరానికే పనికొస్తుంది. దాన్ని గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి వదిలే ఎంజైమ్ కాలేయంలో ఉంటుంది గానీ కండల్లో ఉండదు. అందువల్ల కాళ్లు అలసిపోయినప్పుడు భుజాల్లోని నిల్వ వాటికి చేరదు. అయితే విశ్రాంతిగా ఉన్న కండ మేపుడు కూడా పెద్దగా ఖర్చేమీ కాదు. 4 కిలోల కండకు రోజుకు సుమారు 50 కిలోకేలరీలు, అంటే ఒక చిన్న ఇడ్లీ పాటి శక్తి చాలు. అసలు నష్టం ఎక్కడంటే, ఎత్తు రాగానే చాలామంది హ్యాండిల్‌ను గట్టిగా బిగించి, భుజాలు చెవుల దాకా లేపి, దవడ బిగబట్టి తొక్కుతారు. అప్పుడు ఆ పెద్ద కండలన్నీ పనిలేని పనికి రక్తాన్నీ ఆక్సిజన్‌నూ లాక్కుంటాయి. తదుపరి ఎత్తులో వేళ్లను కీబోర్డు మీద ఆడించినట్టు వదులుగా ఉంచి చూడండి.

మీ వివరాల్లో నన్ను ఆపిన అంకె 84 కాదు, 97. భారతీయ పురుషుల్లో నడుము 90 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టే భావిస్తాం. ఛాతీ ఎంత దృఢంగా ఉన్నా తగ్గించవలసినది ముందుగా ఆ కొవ్వునే. వీలైతే డెక్సా స్కాన్ చేయించుకోండి. కండ, కొవ్వు వాటాలతో పాటు ఎముకల సాంద్రత కూడా తెలుస్తుంది. సైకిల్ మీద శరీర బరువు ఎముకలపై తగినంతగా పడదు కనుక, ఏళ్ల తరబడి కేవలం సైకిలే తొక్కేవారిలో, పైగా కడుపు మాడ్చుకునేవారిలో, వెన్నెముక ఎముకలు పలచబడటం వైద్యులు తరచుగా చూసే విషయమే. మీరు ఇన్నాళ్లూ ఎత్తిన బరువులు ఆ విషయంలో మీకు రక్షణ. వారానికి అర కిలోకు మించకుండా తగ్గండి. కిలో బరువుకు రోజుకు దాదాపు 1.6 గ్రాముల ప్రొటీన్ అందేలా పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు తీసుకోండి. రెండు గంటలు దాటిన రైడ్‌లో ఉపవాసం వద్దు. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి.

జిమ్ మానవద్దు, మార్చండి. ఛాతీ, చేతుల కండలు పెంచే సెట్లను సగానికి తగ్గించి, వారానికి రెండు రోజులు స్క్వాట్లు, డెడ్‌లిఫ్టులు, రోయింగ్, ప్లాంకులు చేయండి. కాళ్లకు భారీ బరువులతో చేసే వ్యాయామం సైక్లిస్టుల ఓపికను పెంచుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. వీపు, నడుము బలపడితే మొండెం బరువు అరచేతుల మీద వాలడం తగ్గుతుంది. మీ వేళ్ల తిమ్మిరికి మూలం చాలావరకు అక్కడే ఉంది: అరచేతి మడమ దగ్గర, ఆ రెండు వేళ్లకు వెళ్లే అల్నార్ నరం హ్యాండిల్‌కు నొక్కుకుపోతోంది. సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో, హ్యాండిల్ మరీ దూరమైందేమో బైక్ ఫిట్టింగ్‌లో (శరీరానికి తగ్గట్టు సైకిల్‌ను సరిచేసే చోట) చూపించుకోండి. మోచేతులు బిగదీయకుండా, పది నిమిషాలకోసారి చేతుల స్థానం మార్చండి.

కండల కోసం ఎప్పుడైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వాడి ఉంటే దాచకుండా వైద్యుడికి చెప్పండి; అవి రక్తాన్ని చిక్కబరుస్తాయి, గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. మిత్రుల కంటే వెనకబడటం ఒక సంగతి. ఎత్తు ఎక్కేటప్పుడు ఛాతీలో బిగువు, కళ్లు తిరగడం, గుండె దడ రావడం వేరే సంగతి. అవి కనిపిస్తే వెంటనే రైడ్ ఆపి, ఈసీజీ, ఎకో పరీక్షలు చేయించుకున్నాకే మళ్లీ సైకిల్ ఎక్కండి. రైడ్ ఆపిన రెండు మూడు రోజులకూ తిమ్మిరి తగ్గకపోయినా, చొక్కా గుండీలు పెట్టుకోవడంలో వేళ్లు తడబడినా న్యూరాలజిస్టును కలిసి నరాల పరీక్ష చేయించుకోవాలి.