నవల దిద్దుకునే రోజుల్లో భారతం చదవొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: నవల మొదటి చిత్తు అయిపోయింది, రెండోసారి దిద్దుతున్నారు, పక్కన కవిత్రయ భారతం కూడా మొదలుపెట్టారు. ఇప్పుడు మీ వాక్యాలు బిగుసుకుపోతున్నాయి, పాత్రలు పురాణం చెబుతున్నట్టు మాట్లాడుతున్నాయి. చదవడం ఆపెయ్యాలా?

ఆపొద్దు, వేళ మార్చండి. పొద్దున్నే పద్యాలు చదివి వెంటనే చిత్తుప్రతి ముందు కూర్చుంటే చెవిలో ఉన్న నడక అలాగే చేతిలోకి దిగుతుంది. రాత్రి చదివి పొద్దున దిద్దితే మాటలు చాలావరకు జారిపోయి సన్నివేశం మిగులుతుంది. మనకు కావలసింది అదే. రోజుకు పది పన్నెండు పద్యాలు, మధ్యలో వచ్చే వచనంతో కలిపి, చాలు. ముందు తాత్పర్యం చూడండి, తర్వాత పద్యం పైకి చదవండి, ఆపైన పదాలు విడదీసుకుని అన్వయం చూసుకోండి, చివర మళ్ళీ ఓసారి పద్యం. తిరుమల తిరుపతి దేవస్థానం వారు ప్రతిపదార్థ తాత్పర్యాలతో వేసిన సంపుటాలు దొరికితే పని తేలిక. లేకపోతే శబ్దరత్నాకరం నిఘంటువు పక్కన పెట్టుకోండి, ఆంధ్రభారతి సైటులో కూడా వెతుక్కోవచ్చు.

ఆదిపర్వంతో మొదలుపెట్టకండి. నన్నయ సమాసాల అందానికి లొంగని వచనరచయిత ఉండడు, దిద్దే దశలో ఆ లొంగుబాటు ఖరీదైనది. తిక్కన విరాటపర్వం ముందు చదవండి. విరాటపర్వం చదివితే వానలు పడతాయని పెద్దల మాట. వానల సంగతి ఎలా ఉన్నా, మారువేషాలు, బయటపడిపోతామన్న భయం, గడువు, పెద్దింట్లో కొలువు, అన్నీ ఐదు ఆశ్వాసాల్లో, అంటే అధ్యాయాల్లో, ఇమిడిన కథ అది. నవల కట్టుబడికి అంతకంటే దగ్గరి పర్వం లేదు.

ఇక మీ వాక్యాలకు పట్టిన జబ్బు. పద్యంలో ఉన్నవన్నీ అర్థం కోసమే ఉండవు. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి కుదరాలి, అంటే పాదం మొదటి అక్షరంతో ఆ అక్షరం చెవికి జత కలవాలి, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర, శార్దూలంలో పదమూడో అక్షరం దగ్గర. పాదపాదానికీ రెండో అక్షరం ఒకటే కావాలి, అది ప్రాస. ఆ లెక్క కుదరడానికే ఒక్కోచోట విశేషణం వస్తుంది, క్రియ ముందుకు జరుగుతుంది, పేరు మారుతుంది. అర్జునుడి పేర్లలోనే ‘పార్థుడు’ భగణం (గురువు, లఘువు, లఘువు), ‘కిరీటి’ జగణం (లఘువు, గురువు, లఘువు). ఎక్కడ ఏది ఇముడుతుందో అక్కడ అది పడుతుంది. మన వచనానికి ఆ లెక్కే లేదు, అయినా అలవాటు మాత్రం అంటుకుంటుంది. అందుకే ఒకే పేరాలో ‘శారద’, ‘ఆ యువతి’, ‘ఆ లెక్చరరు’ అని మూడు రకాలుగా రాస్తాం. శారద అనే అనండి, లేదా పేరే వదిలేయండి. ‘వచ్చింది’ అన్న క్రియలోనే ఆమె ఉంది.

యతి తాలూకు చప్పుడు ఇలా దూరుతుంది: ‘వెన్నెల వెల్లువలో వెలుగుతున్న వీధివైపు విశాలమైన కళ్ళతో వీక్షించింది శారద.’ వకారంతో మొదలైన మాటలు ఆరు, చివర ఛందస్సు అడగకుండానే తలకిందులైన వాక్యం. ‘శారద వీధిలోకి చూసింది. వెన్నెలగా ఉంది.’ ఇంతే చాలు. కళ్ళు విశాలమైనవని చెప్పాలనుకుంటే అది వేరే చోట, వేరే అవసరం మీద చెప్పాలి. దిద్దిన అధ్యాయంలో ‘మిక్కిలి’, ‘అట్టి’, ‘వలె’, ‘ఎంతయు’, ‘కాంచి’, ‘ఒప్పారు’ అని ఫైలులో ఒక్కొక్కటే వెతకండి. చిత్తుప్రతిలో లేనిది దిద్దాక కనబడిందంటే అది భారతం నుంచి వచ్చిందే, తీసేయండి. పాత్ర పండితుడైతే ఒకటి రెండు ఉంచుకోవచ్చు.

మరి తీసుకోవాల్సింది ఏమిటి? ఒకటి దగ్గరగా చూద్దాం. విరాటపర్వంలో కౌరవులు విరాటుడి ఆవులను పట్టుకుపోయే ఉత్తరగోగ్రహణంలో అర్జునుడు కౌరవవీరులను విరాటుడి కొడుకు ఉత్తరుడికి చూపించే సీసపద్యం ఉంది. ఒక్కొక్కరికి ఒక్క జెండా. బంగారు వేదిక గుర్తు ఉన్నవాడు ద్రోణుడు, సింహపు తోక అశ్వత్థామ, బంగారు వృషభం కృపుడు, శంఖం కర్ణుడు. నాలుగు సీసపాదాల్లో నలుగురు. సీసం కింద వచ్చే గీతపద్యంలో పాము జెండాతో దుర్యోధనుడు, తాటిచెట్టు జెండాతో భీష్ముడు. ఆఖరి మాట, బాగా పోల్చి చూసుకో అని. మొహాలు లేవు, వయసులు లేవు, గతం లేదు. చెప్పేవాడికి ద్రోణుడు గురువు, భీష్ముడు తాత, కర్ణుడు పగవాడు. ఎంతైనా చెప్పగలడు, చెప్పలేదు. ఎందుకంటే వినేవాడు అప్పుడు సారథి. వాళ్ళనెవరినీ ఎరగడు, రథం ఎవరి మీదికి తోలాలో తెలియాలి, అంతవరకే అతనికి పని.

మీ నవలలో పెళ్ళో, దినమో, పంచాయితీయో ఉండే ఉంటుంది, ఎనిమిది మంది ఒకేసారి వచ్చిపడే అధ్యాయం. దాన్ని ఈ పద్యం పక్కన పెట్టండి. మనిషికి ఒక్క గుర్తు, ఒక్క ఉపవాక్యం, ఒక విడతలో ఆరుగురికి మించకుండా. ఆ గుర్తు తర్వాతి ఘట్టంలో కనీసం ఒకసారి పనికిరావాలి, రాకపోతే అది అలంకారమే, కొట్టేయండి. ఈ మనుషుల్ని ఎరగని వాడు, ఎరగాల్సిన అవసరం ఉన్నవాడు ఒకడు ఆ ఘట్టంలో ఉన్నాడా చూడండి. లేకపోతే పరిచయాలన్నీ రచయిత నేరుగా పాఠకుడికి చెబుతున్నట్టే వినబడతాయి.

సంభాషణలు ఉపన్యాసాలవుతున్నాయన్నారు. దీనికి మాత్రం నన్నయ దగ్గరికే వెళ్ళాలి. శకుంతల నిండుసభలో దుష్యంతుడికి చెప్పేది పైకి నీతివాక్యమే: నూరు నూతులకంటె ఒక దిగుడుబావి మేలు, నూరు దిగుడుబావులకంటె ఒక క్రతువు, నూరు క్రతువులకంటె ఒక కొడుకు, నూరుగురు కొడుకులకంటె ఒక సత్యవాక్యం. ఈ మెట్ల వరస గమనించండి. ఆమె వచ్చిందే కొడుకు అతనివాడేనని దుష్యంతుడి చేత ఒప్పించడానికి. ఆ కొడుకును చివరి మెట్టు మీద కాక దాని కింద పెట్టింది. పైగా ‘ఎరగను’ అని బొంకినవాణ్ణి ఆ పద్యంలోనే ‘సూనృతవ్రత’ అని పిలిచింది, సత్యమే వ్రతమైనవాడా అని. కోపమంతా ఆ పిలుపులో ఉంది. మీ పాత్ర నీతి చెప్పే చోట ఆపి అడగండి: ఇది ఎవరికి, ఏం రాబట్టడానికి చెబుతోంది? జవాబు లేకపోతే ఆ మాట మీది, పాత్రది కాదు.

ఎఱ్ఱన గురించి ఒక్క సంగతి, కొత్త పేజీలు పాత అధ్యాయంలో అతికేవాళ్ళకు. నన్నయ భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగిపోయింది. 13వ శతాబ్దిలో తిక్కన విరాటం నుంచి అందుకున్నాడు. ఆ మిగిలిన సందును ఎఱ్ఱన పూరించింది 14వ శతాబ్దిలో. ఎలా మొదలుపెట్టాడు? అదే శరత్తు, కాకపోతే తెల్లవారింది: ఎర్రటి కిరణాలు, మబ్బు విడిన ఆకాశం, విచ్చుకుంటున్న తామరలు. అంతకుముందున్నవి చుక్కలు, కలువలు, వెన్నెల. శైలిని అనుకరించడం కంటే ఋతువును పట్టుకోవడం మీదే అతుకు నిలిచింది. మీరు కూడా కొత్త పేజీ రాసేముందు పాత పేజీ చివరి పది వాక్యాల్లో వేళ, వాతావరణం, చేతిలో ఉన్న వస్తువు, ఈ మూడూ రాసుకుని, వాటిలో ఒక్కటైనా కొనసాగించండి. శైలి తేడా ఉన్నా పాఠకుడు తడబడడు.

చివరి ప్రూఫులు చేతికొచ్చాక మాత్రం భారతం మూసి పక్కన పెట్టండి. ఆ వారం పది రోజులు దినపత్రిక చదువుకుంటే మేలు.